బుల్లెట్‌కు సరైన క్యామ్ కుదిరేదాకా

హన్మకొండలో ఉంటూ సెలవు దొరికితే ములుగు మీదుగా తాడ్వాయి అడవుల దాకా వెళ్లివచ్చే నాకు, నా పాత బుల్లెట్ 350 ఇంకొంచెం గట్టిగా లాగితే బాగుండునని ఉండేది. బోరు 70, స్ట్రోకు 90 మిల్లీమీటర్లున్న ఆ పోత ఇనుప ఇంజిన్‌లో మిశ్రమం లోపలికి వచ్చే ఇన్‌టేక్ వాల్వుకు ఒకటి, పొగ బయటికి పోయే ఎగ్జాస్ట్ వాల్వుకు ఒకటి చొప్పున, తిరుగుతూ వాటిని తెరిచే రెండు క్యాములుంటాయి. ఇంజిన్ విప్పినప్పుడు రెండూ అరిగి కనిపించాయి. పవర్ పెరుగుతుందన్న దుకాణదారు మాట నమ్మి 300 డిగ్రీల జత, అంటే పిస్టన్‌ను ఆడించే క్రాంక్ 300 డిగ్రీలు తిరిగేంతసేపు వాల్వును తెరిచి ఉంచేది, వేయించాను.

ఖాళీ రోడ్డు మీద బండి నిజంగానే దూసుకుపోయింది. చౌరస్తాలో ఆగగానే మాత్రం ఒక దెబ్బ కొట్టి రెండు దెబ్బలు మింగుతూ ఆగిపోయేది. బండి ఆగి ఉన్నప్పుడు ఇంజిన్ నెమ్మదిగా తిరిగే వేగాన్ని, అంటే స్లోను, సరిచేసే స్లో స్క్రూ ఎంత తిప్పినా నిలవలేదు. "అన్నా, రోగం కార్బురేటర్ల లేదు, క్యాములనే ఉన్నది" అన్నాడు మా మెకానిక్.

క్రాంక్‌కు డిగ్రీల చక్రం బిగించి కొలిచాం. పిస్టన్ పైకొసకు చేరడానికి 40 డిగ్రీల ముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటోంది, దాటిన 40 డిగ్రీలకు గానీ ఎగ్జాస్ట్ మూసుకోవడం లేదు. అంటే 80 డిగ్రీల మేర రెండూ తెరిచే ఉంటున్నాయి. వేగంలో ఈ ఓవర్‌ల్యాప్ సిలిండర్‌ను బాగా నింపుతుంది గానీ, స్లోలో థ్రాటిల్ మూసి ఉండటం వల్ల కాలిన పొగ ఇన్‌టేక్ వైపు వెనక్కి తన్ని తాజా మిశ్రమాన్ని పాడుచేస్తుంది. పైగా పిస్టన్ అడుగు నుంచి పైకి బయలుదేరిన 80 డిగ్రీల దాకా ఇన్‌టేక్ మూసుకోకపోవడంతో పీల్చిన దాంట్లో కొంత తిరిగి బయటికి పోతుంది. అసలే కంప్రెషన్ తక్కువైన ఇంజిన్‌కు ఇది పెద్ద నష్టం.

ఈసారి 270 డిగ్రీల జత ఎంచుకున్నాను. ఓవర్‌ల్యాప్ 50 డిగ్రీలే, లిఫ్ట్, అంటే వాల్వు తెరుచుకునే ఎత్తు, మాత్రం పాతదానికంటే ఒక మిల్లీమీటరు ఎక్కువ. లిఫ్ట్ పెరిగితే స్లో అంతగా చెడదు, కానీ వాల్వు పిస్టన్‌కు తగలకుండా చూసుకోవాలి. పిల్లలు ఆడుకునే బంకమన్ను పిస్టన్ మీద అంటించి, హెడ్ బిగించి, ఇంజిన్‌ను చేత్తో రెండు చుట్లు తిప్పి విప్పితే, వాల్వు ముద్ర అడుగున రెండు మిల్లీమీటర్లకు పైగా మన్ను మిగిలి ఉంది. వాల్వు స్ప్రింగు చుట్లు ఒకదానికొకటి ఆనడం లేదనీ చూసుకున్నాం. క్యామ్ మీద ఆని కదిలే ట్యాపెట్లు అరిగి ఉంటే కొత్త క్యామ్‌ను తినేస్తాయి కాబట్టి వాటినీ మార్చాం. చల్లని ఇంజిన్ మీద, ట్యాపెట్ల కదలికను వాల్వుల వైపు మోసే పుష్‌రాడ్లు వేళ్లతో తిప్పితే తేలికగా తిరుగుతూ, పైకీ కిందికీ ఆడకుండా ఉండేలా సరిచేసిన తరువాతే కిక్కు కొట్టాం.

మొదటి జత పైవేగంలో ఇచ్చిన ఊపు కొంత తగ్గింది. ఫాతిమానగర్ వంతెనను మాత్రం ఇప్పుడు మూడో గేరులోనే ఎక్కుతోంది, దిగి చౌరస్తాలో ఆగితే దెబ్బ తప్పకుండా కొట్టుకుంటోంది.