డక్టులో చెమ్మ

బరంపురం వానాకాలపు ఉక్క గురించి ఇక్కడి మన తెలుగువాళ్లకి చెప్పక్కర్లేదు. గోపాల్‌పూర్ సముద్రం దగ్గరే కదా. మా ఇంట్లో సెంట్రల్ ఏసీ. చల్లగాలి సీలింగ్ పైనున్న రేకు గొట్టాల్లోంచి, అంటే డక్టుల్లోంచి, గదులకి వస్తుంది. హాల్లో ఫాల్స్ సీలింగ్ మీద పసుపు మరక పడితే అందరూ స్లాబు కారుతోందన్నారు. వాన లేని రోజుల్లోనూ మరక పెరుగుతుంటే టెన్షన్ పట్టుకుంది. అమ్మకి ఆస్తమా మరి.

మెకానిక్ సీలింగ్ ప్యానెల్ విప్పి టార్చి వేశాడు. డక్టు జాయింటు దగ్గర, బయటి వేడి తగలకుండా చుట్టిన ఇన్సులేషన్ ఊడిపోయింది. ఐసు నీళ్ల చెంబు మీద పట్టినట్టు రేకు నిండా నీటి బొట్లు. ఇన్సులేషన్‌లోని గ్లాస్‌వూల్ (గాజు దూది) తడిసి బరువెక్కి వేలాడుతోంది, అంచుల్లో నల్లటి ఫంగస్. లోపల గాలి 15 డిగ్రీలకు అటూఇటూ. ఈ తీరప్రాంతపు వానాకాలం గాలిలో ఆవిరి 25 డిగ్రీల దగ్గరే నీరవుతుంది. కారక ఏం చేస్తుంది?

ఆరబెట్టి మళ్లీ చుట్టేస్తానన్నాడు. నేను ససేమిరా అన్నాను. ఫంగస్ పట్టింది ఆరితే పోదు. మొత్తం తీయించి, జాయింట్లు సీల్ చేయించి, ఫాయిల్ ఉన్న కొత్త ఇన్సులేషన్ వేయించాం. టేపు ఎక్కడా సందు వదలకుండా దగ్గరుండి చూసుకున్నాను. ఏసీ నీళ్లు బయటికి పోయే డ్రెయిన్ పైపు వాలు కూడా సరిచేయించాం. ఏసీ ఫ్యాన్ ఇప్పుడు ఆటోలోనే పెడుతున్నాం, అంటే చల్లబరచడం ఆగితే అదీ ఆగుతుంది. ఎప్పుడూ తిరుగుతుంటే గాలిని చల్లబరిచే కాయిల్ మీద తడి మళ్లీ గదుల్లోకే వచ్చేస్తుంది.

మీ ఇంట్లో ఇలాంటి మరక కనిపిస్తే స్లాబు పగలగొట్టించే ముందు ఆ ప్యానెల్ విప్పించి చూడండి.