ఫోర్కు ఎంగిలి

మొన్న లంచ్ రూములో, మా ల్యాబులో పక్క బెంచీ దగ్గర పనిచేసే ఆవిడ ఒక మాట అడిగింది. "నీకు నా ఫోర్కంటే అసహ్యమా?" అని. నవ్వుతూ అడగలేదు.

ఆవిడకి మన పులిహోర ఇష్టం. చనువు కొద్దీ తన ఫోర్కు నా డబ్బాలో పెట్టి రెండుసార్లు తీసుకుంటుంది. నేను వెంటనే "మొత్తం తినెయ్, నాకు ఆకలిగా లేదు" అని డబ్బా అటు జరిపేస్తాను. మొదటి రెండుసార్లూ నా మంచితనానికి తెగ మురిసిపోయి థాంక్స్ చెప్పింది. మూడోసారి నేను కిందకెళ్లి శాండ్‌విచ్ కొనుక్కుని తింటుంటే చూసేసింది. "పొద్దుట్నుంచీ ఊళ్లోవాళ్ల ఉమ్మితోనే కదా నీ పని, నా ఫోర్కు దగ్గరే వచ్చిందా శుభ్రం?" అంది.

నిజమే, శాన్ డియేగోలో నేను చేసే ఉద్యోగం అదే. లాలాజలంలో ఏ ప్రొటీన్లున్నాయి, ఏ ఆర్‌ఎన్‌ఏ (జన్యువుల సందేశాలు మోసే అణువు) ఉంది అని చూడడం. శాంపిల్ ఇచ్చేవాళ్లు గంట ముందు నుంచీ ఏమీ తినకూడదు, తాగకూడదు, పళ్లు తోముకోకూడదు. వచ్చాక తల వంచుకుని కూర్చుంటే నోట్లో ఊరింది దానంతటదే ఐసులో పెట్టిన ట్యూబులోకి జారాలి, కాండ్రించకూడదు. పాపం కొందరు సిగ్గుపడి గోడవైపు తిరుగుతారు. ఐసు ఎందుకంటే, ఆర్‌ఎన్‌ఏని ముక్కలు చేసే ఎంజైములు కూడా అదే ఉమ్మిలో ఉంటాయి, ఆలస్యమైతే మాకేమీ మిగలదు. అసలు అందులో ఆర్‌ఎన్‌ఏ నిలుస్తుందా అని చాలామంది అనుమానపడేవారట. 2004లో లాస్ ఏంజెలెస్‌లోని యూసీఎల్‌ఏ వాళ్లు కణాలన్నీ తీసేసిన లాలాజలంలోనూ వేల రకాల మెసెంజర్ ఆర్‌ఎన్‌ఏ ఉందని చూపించారు. 2008లో కొన్ని యూనివర్సిటీలు కలిసి లాలాజల గ్రంథుల నుంచి వచ్చే 1,166 ప్రొటీన్ల జాబితా వేశాయి. నూటికి 99 వంతులు నీళ్లే అయిన పదార్థంలో ఇన్నున్నాయి! అన్నం నములుతుంటే తియ్యగా అనిపించేది అందులోని అమైలేజ్ అనే ఎంజైము పిండిని చక్కెరగా విడగొట్టడం వల్లే, నాలిక మీద టీ వగరు తగిలేది కూడా చాలావరకు అందులోని ప్రొలీన్ ఎక్కువగా ఉన్న ప్రొటీన్లు టీలోని టానిన్లని పట్టుకోవడం వల్లే.

ఇంత తెలిసినవాడికి ఒక ఫోర్కు ఎందుకు అడ్డమొచ్చినట్టు? అదే అప్పట్నుంచీ నన్ను తినేస్తోంది.

ఆవిడతో మాత్రం గట్టిగానే వాదించాను. ఇది క్రిముల సంగతి కాదు, నీ మీద అసహ్యమూ కాదు, ట్యూబులో ఉన్నది లాలాజలం, ఫోర్కుకి ఉన్నది ఎంగిలి, రెండూ వేరు అన్నాను. ఎంగిలికి ఇంగ్లీషులో మాట దొరక్క కాకెంగిలి కథ చెప్పాను. చొక్కా అంచు అడ్డం పెట్టి కొరికితే జామకాయ ఎంగిలి కాదు, ఫ్రెండుకి సగం ఇవ్వొచ్చు అని. ఆవిడ కాసేపు ఆలోచించి "అంటే ల్యాబులో నీ గ్లవుజులు చొక్కా అంచన్నమాట" అంది. నాలుగేళ్లుగా ఈ పని చేస్తున్నాను, నాకు తట్టలేదు. ఇంట్లో అమ్మ ఇప్పటికీ ఫోన్లో "ఎవరి ఎంగిలో ముట్టుకుంటావు, ఇంటికొచ్చాక తలమీద నీళ్లు పోసుకుంటున్నావా లేదా?" అంటుంది. పోసుకుంటున్నాననే చెప్తాను.

ఆవిడకి చెప్పనిది ఇంకోటుంది. మా శ్రీకాకుళం వైపు మామ్మలు అడ్డపొగ తాగేవాళ్లు, చుట్ట నిప్పు కొస నోట్లో పెట్టుకుని. మా మామ్మా అంతే. చుట్ట కంపు కొట్టే ఆ నోటితోనే మామిడిముక్క కొరికి, పుల్లగా లేదని తేల్చుకుని, మిగతాది నా నోట్లో పెట్టేది. అది ఎంగిలని నాకు ఒక్కరోజూ అనిపించలేదు. అడ్డపొగతో అంగిట్లో క్యాన్సర్ వస్తుందని డాక్టర్లు ఎప్పట్నుంచో రాస్తున్నారు, మా ఇంటికి ఆ కబురు అందేసరికి విశాఖపట్నం తీసుకెళ్లినా చేసేదేమీ లేకపోయింది. నోటి క్యాన్సర్ ఉన్నవాళ్ల లాలాజలంలో ఇంటర్‌ల్యూకిన్-8 అనే, వాపుకి సంకేతమిచ్చే ప్రొటీనూ, దాని ఆర్‌ఎన్‌ఏ రెండూ ఎక్కువగా ఉంటాయని నేను చదివింది ఇక్కడికొచ్చాకే. ఆ పేపరు చదివిన రోజు శాంపిళ్లు గిర్రున తిప్పే సెంట్రిఫ్యూజ్ ఆగిపోయినా చాలాసేపు మూత తియ్యలేదు.

ఆవిడ కూడా ఊరుకోలేదు లెండి. ఆరోగ్యవంతుల శాంపిల్ కోసం మా ల్యాబులో మేమూ ట్యూబులు నింపుతాం. "ఆర్నెల్లుగా నీది పిపెట్ చేస్తున్నది నేనే, ఎప్పుడైనా ముఖం చిట్లించానా?" అంది. దీనికి కాకెంగిలి పనికిరాలేదు.

ఇప్పుడు ఆవిడ వాటా ముందే డబ్బా మూతలో తీసి పెడుతున్నాను. నిన్న దొండకాయ వేపుడు. ఆవిడ మూతవైపు చూసింది, నావైపు చూసింది, తర్వాత ఫోర్కు సరాసరి డబ్బాలోనే పెట్టింది. నేను లేచి, మంచినీళ్లు తాగి వచ్చి కూర్చున్నాను. ఇంకా సగం వేపుడు ఉంది.