యోధురాలిని నమ్మదగినదిగా చేసేది ఏమిటి?

మా అక్క కూతురు రాస్తున్న ఫాంటసీ నవలలోని యోధురాలిని హనుమకొండలోని మా మిత్రులు కొందరు ‘నమ్మేలా లేదు’ అని తోసిపుచ్చినప్పుడు నాకు నిజంగా బాధ కలిగింది. అదే అధ్యాయంలోని ఎగిరే గుర్రాన్ని మాత్రం వారిలో ఎవరూ ప్రశ్నించలేదు. ఆ రాతప్రతిని నేను మళ్లీ శ్రద్ధగా చదివాను. లోపం ఉన్నది, కానీ అది ఆమె స్త్రీ కావడంలో లేదు. ఆమె ఎక్కడా సాధన చేయదు, అలసిపోదు, ఎవరి దగ్గరా విద్య నేర్వదు. ఒంటిచేత్తో తిప్పే కత్తి సాధారణంగా కిలో, కిలోన్నర బరువే ఉంటుంది కనుక, అసలు కష్టం దానిని ఎత్తడంలో కాక, శ్వాస అదుపు తప్పకుండా, అడుగు తడబడకుండా పోరును కొనసాగించడంలో ఉంటుంది. బలమైన విల్లును లాగడానికైతే ఏళ్ల అభ్యాసం కావాలి. ఇది పురుష వీరుడికీ వర్తించే షరతే, అయినా అతడిని ఎవరూ అడగరు.

ఓరుగల్లు వాసులమైన మనమే ఇలా అనుమానించడం నాకు మింగుడుపడలేదు. రుద్రమదేవి దేవగిరి యాదవుల దండయాత్రను తిప్పికొట్టింది. తండ్రి గణపతిదేవుడు మొదలుపెట్టిన రాతికోటను పూర్తి చేయించింది. ఆమె, సేనాని మల్లికార్జున నాయకుడు మరణించిన విషయం 1289 నాటి చందుపట్ల శాసనం ద్వారా తెలుస్తున్నది. ఆమెపై తిరుగుబాటు చేసిన కాయస్థ సామంతుడు అంబదేవునితో జరిగిన పోరులోనే వారు నేలకొరిగారని పలువురు చరిత్రకారుల అభిప్రాయం. ఆమె వెనుక సేనానులు, సామంతులు, కోట, ధాన్యాగారాలు ఉన్నాయి. నవలలోని యోధురాలికి కూడా అటువంటి లోకాన్ని, ఒక గురువును, కొన్ని ఓటములను ఇవ్వమని అమ్మాయికి చెప్పాను.