నల్ల మెట్ల మోహనం

బరంపురంలో మా వీధి భజన మండలికి పదకొండేళ్లు హార్మోనియం వాయించిన తరువాత గాని, నేను వాయిస్తున్నదేమిటో నాకు తెలిసిరాలేదు. నాకు గురువు లేడు, చెవే ఆధారం. నాలుగున్నర శ్రుతి (F# మెట్టు) నుంచి అయిదు నల్ల మెట్లనూ వరుసగా నొక్కితే మోహన రాగం పలుకుతుందని చిన్నప్పుడే కనిపెట్టి, విద్య అంటే అంతేననుకున్నాను.

ఒక కార్తిక సోమవారం పర్లాకిమిడిలో, జలుబు చేసిన మా గాయకుడు శ్రుతిని అరమెట్టు దించి నాలుగుకు రమ్మన్నాడు. అక్కడ మోహనం పూర్తిగా తెల్ల మెట్ల మీదికి వస్తుంది గనుక తేలికే అనిపిస్తుంది. కాని ఆ వరుసలో మోహనానికి చెందని రెండు స్వరాలు, ప్రతిమధ్యమం, కాకలి నిషాదం, మధ్యలో కాచుకుని ఉంటాయి, వాటిని మనమే దాటాలి. నేను దాటలేదు. రెండో చరణానికి హార్మోనియం ఆపమని ఆయన సైగ చేశాడు.

ఆ తరువాత మా పేటలోని ఒక విశ్రాంత సంగీతోపాధ్యాయుని ఆశ్రయించాను. మాస్టారు నా చేత హార్మోనియం ముట్టించకుండా, కాగితం మీద పన్నెండు స్వరస్థానాలు గీయించి, "రంగు చూడకు నాయనా, దూరం లెక్కపెట్టు" అన్నారు. ఒక స్వరం నుంచి తరువాతి స్వరానికి ఎన్ని అరమెట్లో లెక్కపెడితే మోహనం లెక్క 2, 2, 3, 2, 3. ఏ శ్రుతికి మార్చినా అది మారదు. డెబ్బైరెండు మేళకర్తల (మూల రాగాల) పట్టిక మాత్రం నాకు నేటికీ సగమే వచ్చు.

అసలు ఆశ్చర్యం మూర్ఛనల దగ్గర, అంటే అవే స్వరాలలో ఆధార స్వరాన్ని మార్చడం దగ్గర, కలిగింది. అవే నల్ల మెట్లలో అయిదున్నరను షడ్జమంగా (ఆధారమైన 'స'గా) తీసుకుంటే మధ్యమావతి రాగం, ఆరున్నరను తీసుకుంటే హిందోళ రాగం వస్తాయి. వేర్వేరు పాటలుగా ఏళ్ల తరబడి వాయించినవి ఒకే అయిదు మెట్లని అప్పుడు తెలిసింది. ఇక్కడి ఒడియా కళాకారులతో ఇంకొక చిక్కు ఉంది. మా తబలా మిత్రునికి నేను హిందోళం అంటే, అతడు తీవ్రమధ్యమం (మన ప్రతిమధ్యమం) ఉండే హిందుస్థానీ రాగం హిందోల్ అనుకున్నాడు. స్వరాలు చెప్పాక, "అది మాల్‌కౌన్స్ కదా" అన్నాడు. మోహనం అతనికి భూప్. పేరుతో తగవు పడకుండా స్వరాలతో మాట్లాడుకోవడం అప్పటి నుంచే అలవాటైంది.

అయితే హిందోళానికి గమకం, అంటే స్వరాన్ని ఊపడం, కావాలి, హార్మోనియం మెట్టు ఊగదు. అందుకని మాస్టారు ఇప్పుడు నన్ను వాయించడం మాన్పించి, పాడమంటున్నారు.