ఉప్పు తగ్గితే రొయ్య ఏటవుద్ది?
మా బరంపురం వైపు తెలుగు పిల్లలు చాలామంది బడిలో ఒడియాలోనో ఇంగ్లీషులోనో చదువుతారు, సాయంత్రం ట్యూషన్‌కి వస్తే సైన్స్ మళ్ళీ తెలుగులో చెప్తాను. ఆవరణ వ్యవస్థ పాఠం రాగానే అందరూ ఒకటే బొమ్మ గీసేస్తారు, గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద. మార్కులు వచ్చేస్తాయి. కానీ అందులో నీళ్ళుండవు, ఉప్పుండదు, మట్టి ఉండదు, నిర్జీవ కారకాలు అని పక్కన ఒక లైను రాసి వదిలేస్తారు. నా బాధల్లా అదే. ఏ జీవి ఎక్కడ బతకాలో చాలాసార్లు తేల్చేది ఆ ప్రాణం లేనివే కదా.

దీనికి దూరం పోనక్కర్లేదు, మనకి ఒడిశా తీరంలో చిల్క సరస్సు ఉంది. ఒకపక్క దయా, భార్గవి లాంటి మహానది పాయలు మంచినీళ్ళు తెచ్చి పోస్తాయి, ఇంకోపక్క మొగలోంచి, అంటే సరస్సు సముద్రంలో కలిసే దారిలోంచి, సముద్రం నీళ్ళు లోపలికొస్తాయి, వానల్లో చప్పబడి ఎండల్లో ఉప్పెక్కే ఈ నీళ్ళకి అలవాటుపడ్డవే అక్కడ బతుకుతాయి. టైగర్ రొయ్య సంగతే చూడండి, గుడ్లు పెట్టేది సముద్రంలో, కంటికి సరిగ్గా ఆనని పిల్లలు మొగ దాటి చిల్కలోకొచ్చి పెరుగుతాయి, మళ్ళీ గుడ్లు పెట్టడానికి సముద్రానికే పోతాయి. అంటే మొగ మూసుకుపోతే రొయ్యకి దారే లేదు.

అదే జరిగింది. ఒండ్రు, ఇసుక చేరి మొగ పూడుకుపోయింది, ఉప్పు తగ్గింది, మంచినీళ్ళలో పెరిగే కలుపు అల్లుకుపోయింది, చేపలూ రొయ్యలూ తగ్గిపోయాయి. 1981లో రామ్‌సర్ అనే అంతర్జాతీయ చిత్తడి నేలల జాబితాకెక్కిన సరస్సుని 1993లో ప్రమాదంలో ఉన్నవాటి లిస్టులో పెట్టారు. ఇక్కడ ఒక పిల్లాడు అడిగాడు, "మరి కలుపు పీకేస్తే సరిపోదా మాస్టారూ?" అని. ఎంత మంచి ప్రశ్నో! సరిపోదురా నాన్నా, నీళ్ళు చప్పగా ఉన్నంతకాలం పీకింది పీకినట్టే మళ్ళీ వస్తాది. అందుకే 2000 సెప్టెంబరులో సముద్రానికి కొత్త మొగ తవ్వారు. ఉప్పు తిరిగొచ్చింది, కలుపు తగ్గింది, కొన్నేళ్ళలోనే వలలకి పడే చేపలూ రొయ్యలూ కొన్ని రెట్లు పెరిగాయి, 2002లో ఆ లిస్టులోంచి పేరు తీసేశారు. ఒక్క నిర్జీవ కారకాన్ని సరిచేస్తే మొత్తం ఆహార జాలకం లేచి కూర్చుంది, ఇంతకంటే మంచి పాఠం నాకైతే కనబడలేదు.

ఇంకోటి, ఆహార గొలుసు ఎప్పుడూ పచ్చగడ్డితోనే మొదలవ్వాలని లేదు. ఇంట్లో రొయ్యలు ఒలిచేటప్పుడు వీపు మీద చీరి నల్లటి దారం లాంటిది లాగేస్తారు చూశారా, అది రొయ్య పేగు, అందులో నల్లగా కనబడేది అది తిన్న తిండే. అడుగు బురదలోని కుళ్ళిన ఆకు ముక్కలు, వాటికి పట్టిన బాక్టీరియా, చిన్న చిన్న పురుగులు. చచ్చిన కలుపు కూడా అలా రొయ్య పొట్టలోకి, అక్కడ్నించి పండుగప్ప చేప పొట్టలోకి పోతాది. మెట్టు మెట్టుకీ సుమారు 10 శాతం శక్తే పైకెళ్తాది కాబట్టి రొయ్యలు లెక్కలేనన్ని ఉన్నా పైనున్న ఇరావడి డాల్ఫిన్లు కొద్దిగానే ఉంటాయి.

ఈసారి పిల్లలకి గడ్డీ మిడతా వద్దన్నాను, కాగితం మధ్యలో మొగ గీసి బాణాలు మీరే పెట్టండి అన్నాను. కెరటాలు ఒడ్డు వెంబడి ఇసుకని తోస్తూనే ఉంటాయి, కొత్త మొగ కూడా పూడొచ్చు, పక్కకి జరగొచ్చు అని ముందే చెప్పాను. ఎనిమిదో క్లాసు పాప ఒకత్తి ఇసుక దగ్గర మొదలెట్టి ఉప్పు, రొయ్య, చేప మీదుగా డాల్ఫిన్ దాకా బాణం లాగింది. ఎవరి ఇంట్లో పిల్లలుంటే వాళ్ళు ఈ బొమ్మ గీయించి చూడండి.