ముత్తాత పతకం అంచు చదివిన తీరు

మా ముత్తాత మొదటి ప్రపంచ యుద్ధంలో పనిచేశాడని ఇంట్లో అందరికీ తెలుసు. ఏ పటాలం, ఏం పని అని అడిగితే మాత్రం ఒక్కొక్కరు ఒక్కో మాట చెప్పేవారు. కూలీల దళంలో పోయాడని ఒకరు, ఫిరంగుల దగ్గర ఉన్నాడని ఇంకొకరు. మా అవ్వ మాత్రం "తుపాకీ కంటే పారే ఎక్కువ పట్టినాడంటరా" అనేది. మదనపల్లె దగ్గర మా పాత ఇంట్లో మిగిలిన ఆధారాలు ఒక పతకం, అట్ట ఊడిన ఒక చిన్న నోటుపుస్తకం. ఆయన గురించి నిజం తెలుసుకోవాలన్న పట్టుదల నాకు వాటిని చూశాకే వచ్చింది.

పతకానికి ఒకవైపు ఐదో జార్జి తల, రెండోవైపు గుర్రం మీద మనిషి, 1914, 1918 అంకెలు. అది బ్రిటిష్ వార్ మెడల్. లక్షల మందికి ఇచ్చిన పతకం కాబట్టి ఆ బొమ్మలు ఏమీ చెప్పవు. చెప్పేదంతా అంచు మీద ఉంటుంది. టార్చి పక్కనుంచి వేసి భూతద్దంతో చూస్తే వరసగా నంబరు, హోదా, పేరు, చివర పటాలం కనిపించాయి. హోదా ఎస్.పి.ఆర్., అంటే సాపర్, సైన్యంలో తవ్వకం, కట్టడం పనులు చేసే సిపాయి. పటాలం "2 క్యూ.వి.ఓ. ఎస్. అండ్ ఎం.", అంటే సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్ సాపర్స్ అండ్ మైనర్స్. లోహం కూడా ఒక సాక్ష్యమే. కూలీల దళాల వాళ్లకు ఇదే పతకం కంచులో ఇచ్చారు. మాది వెండిది. దాంతో కూలీల దళం అన్న వాదన వీగిపోయింది.

మన వైపు సాపర్లది మద్రాసు దళం కదా అని నేను ఆ మాట కోసం వెతుకుతుంటే అంచు మీద అది లేనే లేదు. కారణం తెలియడానికి పటాలం పేర్ల చరిత్రంతా తిరగేయాల్సి వచ్చింది. 1780లో మద్రాస్ పయనీర్లుగా మొదలైన దళం 1831లో మద్రాస్ సాపర్స్ అండ్ మైనర్స్ అయింది. 1903లో భారత సైన్యాధిపతి కిచనర్ సైన్యానికి కొత్త నంబర్లు వేసినప్పుడు బెంగాల్ సాపర్లకు ఒకటి, మద్రాసు వాళ్లకు రెండు, బొంబాయి వాళ్లకు మూడు వచ్చాయి. మద్రాసు పేరు పోయి ఆ రెండే మిగిలింది. 1911 నుంచి "సెకండ్ క్వీన్ విక్టోరియాస్ ఓన్". 1923లో నంబరు తీసేసి మద్రాసును మళ్లీ చేర్చారు. ఇప్పుడు బెంగళూరులో అలసూరు చెరువు దగ్గరున్న మద్రాస్ ఇంజనీర్ గ్రూప్ అదే. 61, 64, 81 నంబర్ల పయనీర్లు వేరు. అవి తవ్వకం పని కూడా నేర్చిన కాల్బలాలు, 1933లో రద్దయ్యాయి. పాత కాగితాల్లో పయనీర్ అని కనిపిస్తే ఏ కాలపుదో చూసుకోవాలి.

సాపర్ అనే మాటకు మూలం "సాప్". కోట నుంచి వచ్చే గుళ్లు తగలకుండా, గోడ దాకా వంకరలు తిప్పుతూ తవ్వుకుపోయే కందకం అది. మైనర్ ఆ గోడ కింద సొరంగం తవ్వి పేలుడు మందు కూరేవాడు. పయనీర్, మన ఆఫీసుల్లో ప్యూన్, రెండూ కాలిబంటు అనే ఒకే మూలం నుంచి వచ్చాయి. అవ్వ మాటలో ఎంత నిజముందో అప్పుడు తెలిసింది.

నోటుపుస్తకంలో పెన్సిలుతో సామాన్ల జాబితా ఉంది. "ఏక్సెస్, పిక్", "ఏక్సెస్, ఫెల్లింగ్", "హుక్స్, బిల్", "షవల్స్, జి.ఎస్." ఇలా ప్రతి పేరూ తిరగేసి ఉంటుంది. సైనిక గిడ్డంగి పద్ధతి అది: ముందు జాతి, తర్వాత రకం. అలా రాస్తే గొడ్డళ్లన్నీ ఒకచోట చేరతాయి. జి.ఎస్. అంటే జనరల్ సర్వీస్, అన్ని దళాలకూ ఇచ్చేది. "హెల్వ్స్" నిఘంటువులో చూస్తే గొడ్డలికీ పికాసుకీ వేసే కర్ర పిడి అని ఉంది, మా ఊళ్లో కామ అంటాం. "మాల్" పెద్ద కొయ్య సుత్తి. "గేబియన్" అడుగు లేని బుట్ట; నిలబెట్టి మట్టి నింపితే గుళ్లకు అడ్డుగోడ. "ఫాసిన్" గట్టిగా కట్టిన పుల్లల మోపు. బురదలో దారి వేయడానికి, కందకం పూడ్చడానికి.

ఈ పనిముట్ల పాత బొమ్మలు వెతికి మా ఊరి కమ్మరాయనకు చూపించాను. బిల్‌హుక్ చూడగానే "ఇది మచ్చుకత్తి గదా" అన్నాడు. నాకు అన్నిటికంటే సంతోషం కలిగించింది ఆ జాబితాలోని "మమూటీ". 1886లో వచ్చిన హాబ్సన్ జాబ్సన్ నిఘంటువులో అది మద్రాసు వైపు పనిముట్టు. తమిళ మణ్‌వెట్టి ఇంగ్లిషు గిడ్డంగి లెక్కలోకి అలా ఎక్కింది. మట్టిని ఎత్తిపోసే షవల్ కాదు, వంగి మన వైపు లాక్కునే మన పారే. ఆ నిఘంటువులోనే "తెలింగా" కూడా ఉంది: 18వ శతాబ్దంలో బెంగాల్‌లో సిపాయిని అలా పిలిచేవారు, తొలి సిపాయిలు ఈ వైపు నుంచి వెళ్లినందుకు.

మీ ఇంట్లో ఇలాంటి పతకం ఉంటే చింతపండుతోనో పాలిష్‌తోనో తోమకండి, అంచు అక్షరాలు అరిగిపోతాయి. ముందు అంచు చుట్టూ ఫొటోలు తీయండి. పటాలం పేరును దాని కాలంతో కలిపి వెతకండి. పేరు స్పెల్లింగు మీ ఇంటి పేరుతో కలవకపోయినా నంబరును నమ్మండి. గుమాస్తా చెవికి వినిపించినట్టు రాసుకున్న పేర్లవి.