సిటీ బాగుచేసిన జప్తు ఇల్లు: అన్నీ దాటొచ్చు, ఆదాయం ఫైలు తప్ప

2019లో ఇంటి తాళాలు చేతికొచ్చాయి, కోపం ఇంకా చల్లారలేదు. అందుకే రాస్తున్నా.

బ్యాంకులు జప్తు చేసుకున్న ఇళ్లను ఒహాయోలో మా సిటీ కొని, బాగుచేయించి, ఓ మోస్తరు ఆదాయం ఉన్నవాళ్లకు అమ్మింది. 2008లో ఇళ్ల అప్పులు కుప్పకూలినప్పుడు అమెరికా కాంగ్రెస్ 392 కోట్ల డాలర్లతో మొదలుపెట్టిన నైబర్‌హుడ్ స్టెబిలైజేషన్ ప్రోగ్రామ్ ఇది. అప్పట్లో అమ్మిన ఇళ్ల నుంచి తిరిగొచ్చిన డబ్బుతో కొన్ని చోట్ల 2019లోనూ నడిచింది.

సులువైనవి ముందు చెప్పేస్తా. హడ్ (అమెరికా ప్రభుత్వ ఇళ్ల శాఖ) గుర్తింపు ఉన్న సంస్థలో 8 గంటల క్లాసు తప్పనిసరి, కూర్చుంటే అయిపోతుంది. ఫిక్స్‌డ్ వడ్డీ లోను తీసుకున్నాం. సిటీ పెట్టిన కొనుగోలు, మరమ్మతు ఖర్చులకు మించి ధర చెప్పకూడదన్నది రూలు. మరీ గీచి బేరమాడక్కర్లేదు.

ఇక ఆదాయం. ఏరియా మీడియన్ ఇన్‌కమ్‌లో (ఆ ప్రాంతపు కుటుంబాల మధ్యస్థ ఆదాయంలో) 120 శాతం దాటకూడదు. టాక్స్ రిటర్న్ చూపిస్తే చాలని మనవాళ్లు చాలామంది అనుకుంటారు. మా సిటీ పెట్టుకున్న లెక్క అది కాదు. ఇంట్లో ఉండే 18 ఏళ్లు నిండినవాళ్లందరికీ వచ్చే 12 నెలల్లో ఎంత వస్తుందో, కోతలకు ముందు మొత్తం చూస్తారు. ఓవర్‌టైమ్ కూడా కలుపుతారు. నాన్న గ్రీన్‌కార్డు మీద మాతోనే ఉంటారు కాబట్టి ఆయన టీచరు పెన్షన్ కలిసింది. దానికి బదులు కుటుంబంలో ఒక మనిషి పెరిగి పరిమితీ పెరుగుతుంది. ఈ మాట వాళ్లు చెప్పరు, మీరే అడగాలి.

తర్వాత ఆస్తులు. ఊళ్లో తాతగారి ఇల్లు ఉంది. నాన్నకీ, ఇద్దరు బాబాయిలకీ ఉమ్మడి, పంపకాలు కాలేదు. ఫారంలో నిజమే రాశాం. అక్కణ్నుంచి మొదలైంది. డీడ్ (రిజిస్టర్డ్ దస్తావేజు) తెమ్మంది సిటీ ఆఫీసరమ్మ. అది గ్రామకంఠం (ఊరి నివాస స్థలం), దానికి దస్తావేజు లేదు. ‘డీడ్ లేకుండా ఇల్లు మీదని ఎలా తెలుసు? ఇండియాలో ఇంకా ఏమేం ఉన్నాయి?’ అని నాన్న ఎదురుగానే అడిగింది. ముప్పయ్యేళ్లు పిల్లలకు లెక్కలు చెప్పిన మనిషి ఆ గదిలో దొంగలా నిలబడాల్సి వచ్చింది.

చివరికి పనికొచ్చిన కాగితాలు ఇవి: పంచాయతీ ఇంటి పన్ను రసీదు, తహసీల్దారు ఇచ్చే ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్, సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసు నుంచి మార్కెట్ వాల్యూ సర్టిఫికెట్, వాటా మూడో వంతేనని బాబాయిల సంతకాలతో ఉత్తరం. అన్నిటికీ ఇంగ్లిషు అనువాదం, అనువదించినవాళ్ల ధ్రువీకరణతో. వంటిమీద నగల గురించి కంగారు పడకండి, అవి లెక్కలోకి రావు. పెట్టుబడిగా కొన్న బంగారం వస్తుంది.

ఇంత చేశాక తేలిందేమిటి? ఆస్తి విలువను ఆదాయంలో కలపరు, దాని మీద రాబడినే కలుపుతారు. 2019 నాటి రూలు ప్రకారం ఆస్తులన్నీ 5,000 డాలర్లు దాటితే, నిజంగా వచ్చే రాబడి ఒకటి, పాస్‌బుక్ రేటు (పొదుపు ఖాతా వడ్డీకి హడ్ పెట్టిన రేటు) చొప్పున ఊహించిన రాబడి ఒకటి లెక్కేసి, ఏది ఎక్కువైతే అది తీసుకునేవారు. ఆ రేటు అప్పట్లో 0.06 శాతం. నాన్న వాటా 20,000 డాలర్లన్నారు. అంటే ఏడాదికి 12 డాలర్లు! పన్నెండు డాలర్ల కోసం బాబాయిలు మండలాఫీసు మెట్లు అరగదీశారు. కాగితాలు అడగకముందే ‘ఈ ఆస్తి వల్ల మా ఆదాయం ఎంత పెరుగుతుందో వేసి చూపించండి’ అని నిలదీయండి.

ఇంకో సంగతి. ఆదాయ నిర్ధారణ ఆరు నెలలే చెల్లుతుంది. వాళ్ల ఆలస్యంతో గడువు దాటినా పే స్లిప్పులు మళ్లీ మీరే ఇవ్వాలి. ఇచ్చిన ప్రతి కాగితానికీ తేదీతో ఈమెయిలు పెట్టుకోండి, నోటిమాట నమ్మొద్దు.

ఇంటి సంగతికొస్తే, సిటీ బాగుచేసిందని సొంత ఇన్‌స్పెక్షన్ మానొద్దు. ఖాళీగా పడున్న ఇళ్లలో రాగి పైపులు దొంగలు పీక్కుపోతారు, చలికాలం హీటు లేక పైపులు పగులుతాయి. ఏవి మార్చారో పనుల జాబితా అడిగి తీసుకోండి. 1978కి ముందు కట్టిన ఇల్లయితే లెడ్ క్లియరెన్స్ రిపోర్టు (పాత రంగుల్లోని సీసం వల్ల ప్రమాదం లేదని చెప్పేది) చేతికి రావాలి. మురుగు లైన్లో కెమెరా వేయించండి. పాత మట్టి పైపుల్లోకి చెట్ల వేళ్లు దూరుంటాయి, సిటీ పనుల జాబితాలో మాకది లేదు.

సిటీ ఇచ్చే సాయం రెండో మార్ట్‌గేజ్‌గా (బ్యాంకు లోను తర్వాతి తాకట్టుగా) ఇంటి మీద ఉంటుంది. మాకు వడ్డీ లేదు, ఏటా కొంత మాఫీ. 2019లో 15,000 డాలర్లలోపు సాయానికి 5 ఏళ్లు, 40,000 దాకా 10, ఆపైన 15 ఏళ్లు అందులోనే కాపురం ఉండాలన్నది రూలు. కొత్తది కొనుక్కుని పాతది అద్దెకిచ్చే మన అలవాటు ఇక్కడ కుదరదు. గడువులోపు రీఫైనాన్స్ (పాత లోను తీర్చి కొత్త లోను తీసుకోవడం) చేయాలంటే సిటీ ఒప్పుకుని సబార్డినేషన్ కాగితం (తన అప్పు కొత్త లోను తర్వాతేనని) ఇవ్వాలి. దానికి అర్జీ ఎవరికి పెట్టాలో క్లోజింగ్ రోజునే (సంతకాలై ఇల్లు చేతికొచ్చే రోజు) రాతపూర్వకంగా తీసుకోండి.